నెలసరి క్రమం తప్పినప్పుడు: పీసీఓడీని గూర్చి ప్రతి ఇంటా తెలియవలసిన విషయాలు

పెనుగొండలోని మా వైద్యశాలకు వచ్చే తల్లులలో ఇటీవలి కాలంలో ఒక మార్పు గమనిస్తున్నాను. పూర్వం "అమ్మాయికి నెలసరి సరిగా రావడం లేదండీ" అని మెల్లగా చెప్పి, తక్కిన వివరాలు నేను అడిగితేనే చెప్పేవారు. ఇప్పుడు చేతిలో స్కానింగు కాగితంతో వచ్చి "పీసీఓడీ అన్నారండీ" అంటున్నారు. వెంటనే వారడిగే ప్రశ్న వ్యాధిని గూర్చి కాదు. "పిల్లలు పుడతారా? పెళ్ళివారికి చెప్పాలా, వద్దా?" అన్నదే. ప్రక్కన కూర్చున్న పిల్ల తల వంచుకొని ఆ మాటలన్నీ వింటూ ఉంటుంది.

ఆ పిల్లకు మొదట చెప్పవలసిన మాట ఒకటున్నది. ఈ వ్యాధి గల స్త్రీలలో అధిక సంఖ్యాకులకు సంతానం కలుగుతుంది. కొందరికి చికిత్సతో, మరికొందరికి ఏ చికిత్సా లేకుండానే. సంతానం విషయంలో అనవసరంగా భయపడి, అసలు భయపడవలసిన విషయాలను విస్మరించడం మన ఇళ్ళలో జరుగుతున్న పొరపాటు. ఆ రెంటినీ విడమరచి చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం.

వ్యాధి స్వరూపం

1935వ సంవత్సరంలో అమెరికాలోని చికాగో నగరానికి చెందిన స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరీక్షించి ఈ లక్షణాలను ఒకచోట చేర్చి వర్ణించారు. చాలాకాలం వారి పేరుతోనే ఈ వ్యాధిని పిలిచేవారు. తరువాత పీసీఓఎస్ అన్న పేరు స్థిరపడింది. మన ప్రాంతంలో పీసీఓడీ అన్న మాటే ఎక్కువగా వాడుకలో ఉన్నది.

"అండాశయంలో నీటిబుడగలు" అని వినగానే, వాటిని కోసి తీసివేయాలేమోనని చాలామంది బెంబేలు పడతారు. నిజానికి అవి గడ్డలు కావు. ప్రతి నెలా అండాశయంలో కొన్ని అండకోశాలు పెరగడం ఆరంభిస్తాయి. వాటిలో సాధారణంగా ఒకటి పక్వమై, చిట్లి, అండాన్ని విడుదల చేస్తుంది. ఈ వ్యాధిలో ఆ పక్వత పూర్తికాక, చిన్న చిన్న కోశాలు మధ్యలోనే నిలిచిపోతాయి. స్కానింగులో అంచు వెంబడి పూసలవలె కనిపించేవి అవే.

అండం విడుదల కానపుడు, ఆ తరువాత ఊరవలసిన ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఊరదు. అది లేనందువలన గర్భాశయపు లోపలి పొర సకాలంలో రాలిపోక, మందమవుతూ పోతుంది. కనుకనే రెండు మూడు నెలలు నెలసరి రాకపోవడం, వచ్చినపుడు అధిక రక్తస్రావం కావడం జరుగుతుంది.

దీని వెనుక ఇన్సులిన్ పాత్ర ఉన్నది. చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాట వినదు. అందుచేత క్లోమం మరింత ఇన్సులిన్ ఉత్పత్తి చేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాన్ని ప్రేరేపించి పురుష హార్మోనులను ఎక్కువ చేస్తుంది. ఫలితంగా పైపెదవిమీద, గడ్డంమీద వెంట్రుకలు, మొటిమలు, తలమీద జుట్టు పలచబడడం, మెడ వెనుక, చంకలలో నల్లని మందపాటి చర్మం కనిపిస్తాయి. మెడమీది నలుపును మురికి అనుకొని పీచుతో రుద్దే తల్లులున్నారు. రుద్దితే పోయేది కాదది; లోపలి ఇన్సులిన్ దోషానికి బయట కనిపించే గుర్తు.

సంతానోత్పత్తి వయస్సులో ఉన్న స్త్రీలలో 10 నుండి 13 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక ఆశ్రమ కళాశాలలో 15 నుండి 18 సంవత్సరాల వయస్సు గల 460 మంది బాలికలను పరీక్షించగా, 9.13 శాతం మందిలో ఈ లక్షణాలు ఉన్నట్లు తేలింది. ఆ పరిశోధన 2011లో ప్రచురితమైనది. కాబట్టి "మా వంశంలో లేని రోగం మా పిల్లకే వచ్చింది" అని కుమిలిపోనవసరం లేదు.

నిర్ధారణలో తొందర కూడదు

2003లో రాటర్‌డామ్ నగరంలో నిపుణులు కూడి ఒక నియమం ఏర్పరచారు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోనుల ఆధిక్యం, స్కానింగులో అండాశయ మార్పు - ఈ మూడింటిలో రెండైనా ఉంటేనే ఈ వ్యాధిగా పరిగణించవలెను. దానికి ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ దోషాలు లేవని రక్తపరీక్షతో తేల్చుకొనవలెను. ఒక్క స్కానింగు కాగితం మాత్రమే చాలదు.

పిల్ల రజస్వల అయిన మొదటి సంవత్సరంలో నెలసరి అటూ ఇటూ కావడం సహజం. తరువాతి రెండేళ్ళలో 45 రోజుల వరకు ఎడం ఉండవచ్చును. మూడేళ్ళు దాటిన పిమ్మట 21 రోజులకు లోపుగాని, 35 రోజులు మించిగాని వస్తుంటే పరీక్ష అవసరం. రజస్వల అయిన ఎనిమిదేళ్ళలోపు బాలికలకు స్కానింగు ఆధారంగా ఈ వ్యాధిని నిర్ణయించరాదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ వయస్సులో ఆరోగ్యవంతులైన పిల్లలకు కూడా అండకోశాలు ఎక్కువగానే కనిపిస్తాయి. వివాహితలు నెల తప్పినపుడు ముందుగా గర్భ నిర్ధారణ పరీక్ష చేయించుకొని, ఆ తరువాతనే ఏ మందైనా ఆలోచించవలెను.

ఆయుర్వేద దృష్టి

మన ప్రాచీన గ్రంథాలలో సరిగ్గా ఈ పేరుగల వ్యాధి లేదు. ఉన్నదని బలవంతంగా చూపడం శాస్త్రానికి గౌరవం కాదు. అయితే దగ్గరి పోలికలున్నాయి. కాశ్యప సంహితలో రేవతీ కల్పమనే అధ్యాయంలో, ఋతుస్రావం అవుతున్నా ఫలించని స్త్రీని, బుగ్గలమీద రోమాలు గల స్త్రీని 'పుష్పఘ్ని' అన్న పేరుతో ఆచార్యులు వర్ణించారు. సుశ్రుతాచార్యులు దోషాలు మార్గాన్ని అడ్డగించుటవలన ఆర్తవం కనబడకుండా పోతుందని చెప్పి, దానిని 'నష్టార్తవం' అన్నారు. చరకాచార్యులు ప్రమేహ కారణాలు చెబుతూ సుఖాసనం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలను ఒకచోట చేర్చారు. ఈ మూడింటినీ ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి చదివితే, ఈనాటి వ్యాధికి దారి తెలుస్తుంది.

జఠరాగ్ని మందగించి, కఫమూ మేదస్సూ పెరిగి, ఆర్తవవహ స్రోతస్సులను అడ్డగించగా, అక్కడ సంచరించవలసిన అపానవాయువు దారి తప్పుతుంది. కాబట్టి చికిత్సలో మొదటి మెట్టు అగ్నిని దీపింపజేయడం, రెండవది మేదస్సును కరిగించడం. నెలసరిని రప్పించే మందు ఆ తరువాతి మాట. నేను గురుకులంలో చదివే రోజులలో మా గురువుగారు నాడి చూచుటకు ముందు "రాత్రి ఏమి తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు?" అని రోగిని అడిగేవారు. ఈ వ్యాధిలో ఆ రెండు ప్రశ్నలకు ఉన్న విలువ మరే వ్యాధిలోనూ ఇంతగా లేదు.

మన డెల్టా కంచం

ఆయుర్వేదం ప్రదేశాలను జాంగలం, ఆనూపం, సాధారణం అని విభజించింది. నీరు సమృద్ధిగా ఉండి, కఫం ప్రబలే ప్రదేశం ఆనూపం. మన గోదావరి డెల్టా అచ్చంగా అటువంటిది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత వరి మన ప్రధాన పంట అయింది. వరితోబాటు శ్రమ కూడా ఉండేది. స్త్రీలు ధాన్యం దంచేవారు, తిరగలి త్రిప్పేవారు, కాలువనుండి బిందెలతో నీళ్ళు మోసేవారు. ఈనాడు మిల్లు, మిక్సీ, కుళాయి వచ్చి ఆ కష్టం తప్పింది. తప్పడం మంచిదే. కానీ ఆ శ్రమకు సరిపడిన అన్నపురాశి మాత్రం కంచంలో అట్లాగే ఉండిపోయింది. పైగా దంపుడు బియ్యం పోయి తెల్లగా పాలిష్ చేసిన బియ్యం వచ్చింది.

అన్నం పూర్తిగా మానమని నేను చెప్పను. మానిన పిల్ల నాలుగు రోజులకే నీరసించి బేకరీ తిండికి దిగుతుంది. కంచంలో సగభాగం కూరలు, ఆకుకూరలు. పావుభాగం పప్పుగాని, గుడ్డుగాని, చేపగాని. మిగిలిన పావుభాగం అన్నం ఉండవలెను. ముందు కూర తిని తరువాత అన్నం తినడం మేలు. బియ్యం దంపుడువిగాని, తక్కువ పాలిష్ పెట్టినవిగాని, ఏడాది నిలవ ఉన్నవిగాని ఎంచుకొనవలెను. కొత్త బియ్యం గురువు. పాతవి లఘువు అని శాస్త్రం. రాత్రిపూట జొన్నరొట్టె లేదా పలుచని రాగి సంకటి మంచిది. భోజనం ఎనిమిది గంటలలోపు ముగియవలెను.

తీపి విషయంలో ఒక చిన్న లెక్క చెబుతాను. రోజుకు మూడు కాఫీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల పంచదార అనుకొందాం. నెలకు 180 చెంచాలు, అంటే సుమారు ముప్పాతిక కిలోకు పైమాటే. ఇది పండుగ పిండివంటలు కాక. పంచదార మాని బెల్లం వాడుతున్నామని తృప్తిపడేవారు, ఇన్సులిన్ విషయంలో ఆ రెంటికీ పెద్ద తేడా లేదని గ్రహించవలెను. పూతరేకులు, కాజాలు పండుగనాడు ఒకటి తింటే దోషం లేదు. ఫ్రిజ్‌లో డబ్బా ఉంచుకొని రోజూ తినడమే దోషం.

ఉలవలు, నువ్వులు

నష్టార్తవంలో హితకరమైన ఆహారంగా సుశ్రుతాచార్యులు పేర్కొన్నవాటిలో చేపలు, ఉలవలు, నువ్వులు, మినుములు ఉన్నాయి. ఈ నాలుగూ మన గోదావరి వంటింటివే. రజస్వల అయిన పిల్లకు చిమ్మిలి పెట్టే ఆచారం ఊరకే పుట్టలేదు. అయితే చిమ్మిలిలో ఆనాడు నువ్వులు ఎక్కువ, బెల్లం తక్కువ. ఈనాడు ఆ కొలత తారుమారైంది. రోజుకు ఉసిరికాయంత ఉండ ఒకటి చాలు.

ఉలవచారు ఇట్లా చేసుకొనవచ్చును. ఒక గ్లాసు ఉలవలు రాత్రి నానవేసి, ఉదయం ఆరు గ్లాసుల నీటిలో సన్నని సెగపై మెత్తగా ఉడికించవలెను. ఆ నీటిని వంచి, కొద్దిగా చింతపండు రసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మరిగించి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు పెట్టవలెను. వెన్న, మీగడ వేయరాదు. మిగిలిన ఉలవలను పారవేయక, ఉల్లిముక్కలతో గుగ్గిళ్ళుగా తినవలెను. వారానికి రెండు మూడుసార్లు చాలు. ఉలవలు ఉష్ణవీర్యం కలవి కనుక కడుపులో పుండు, ఆమ్లపిత్తం, అధిక రక్తస్రావం ఉన్నవారు వాడరాదు.

నడక, ఆసనాలు, నిద్ర

బరువు ఎక్కువగా ఉన్నవారు అందులో 5 నుండి 10 శాతం తగ్గించుకొన్నా చాలామందిలో నెలసరి దారికి వస్తుంది. అంటే 70 కిలోల బరువున్నవారు తగ్గవలసింది మూడున్నర నుండి ఏడు కిలోలు మాత్రమే. పెళ్ళిచూపులనాటికి ఇరవై కిలోలు తగ్గాలని పస్తులుంచడం హింస. సన్నగా ఉన్నవారికి కూడా ఈ వ్యాధి వస్తుంది. వారు బరువు తగ్గవలసిన పని లేదు. వ్యాయామం, నియమిత భోజనం మాత్రం వారికీ అవసరమే.

వారానికి 150 నిమిషాలకు తక్కువ కాకుండా చురుకైన నడక ఉండవలెను. ఉదయం కాలువగట్టున అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిస్తే ఈ లెక్క సరిపోతుంది. వారానికి రెండు రోజులు గుంజీళ్ళవంటి కండరాలకు బలమిచ్చే వ్యాయామం కలపవలెను. బలంలో సగం మేరకే వ్యాయామం చేయమని మన శాస్త్రం. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినపుడు ఆపవలెను. నెల గడిచేసరికి ఆ సగబలమే పెరుగుతుంది.

యోగాభ్యాస ఫలితాన్ని మన రాష్ట్రంలోనే పరీక్షించారు. ఈ వ్యాధి గల 90 మంది కళాశాల బాలికలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుచేత ఆసనాలు, ప్రాణాయామం, విశ్రాంతితో కూడిన యోగాభ్యాసం, రెండవ జట్టుచేత సాధారణ వ్యాయామం రోజుకు గంట చొప్పున 12 వారాలు చేయించారు. యోగ జట్టులో పురుష హార్మోను ఎక్కువగా తగ్గింది. నెలసరి క్రమం మెరుగుపడింది. ఇరుజట్ల మధ్య బరువులో చెప్పుకోదగ్గ తేడా లేకపోవడం గమనించవలసిన విషయం. తూకం కదలకపోయినా లోపల మేలు జరుగుతుందని దీనివలన తెలుస్తున్నది. సూర్య నమస్కారాలు, భుజంగాసనం, బద్ధకోణాసనం, నాడీశోధన ప్రాణాయామం తెలిసినవారి వద్ద నేర్చుకొని చేయవలెను.

పగటినిద్ర కఫాన్ని పెంచుతుంది. వేసవిలో తప్ప కూడదు. రాత్రి ఒంటిగంట వరకు ఫోను చూస్తూ, ఉదయం తొమ్మిదింటికి లేచే పిల్లకు ఏ కషాయమూ పూర్తి ఫలమివ్వదు. బరువుగా ఉండి గట్టిగా గురకపెడుతూ, పగలంతా మత్తుగా ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. నిద్రలో శ్వాస ఆగే దోషం ఈ వ్యాధిలో అధికం.

గృహ చికిత్సలు

మెంతులు: ఒక చెంచా మెంతులు రాత్రి నీటిలో నానవేసి, ఉదయం నమిలి ఆ నీరు త్రాగవలెను. మధుమేహపు మాత్రలు వాడేవారు వైద్యునికి చెప్పి వాడవలెను. గర్భిణులు వాడరాదు.

పుదీనా: పది పన్నెండు ఆకులు గ్లాసుడు మరిగిన నీటిలో వేసి, మూతపెట్టి, పది నిమిషాల తరువాత వడకట్టి రోజుకు రెండుసార్లు త్రాగవచ్చును. విదేశాలలో నెల రోజులు జరిపిన ఒక చిన్న పరీక్షలో దీనివలన పురుష హార్మోను తగ్గింది. అయితే ఆ నెలలో రోమాలు తగ్గినట్లు కొలతలో కనబడలేదు. కాబట్టి దీనిని సహాయంగా మాత్రమే భావించవలెను.

త్రిఫల చూర్ణం: మలబద్ధకం ఉన్నవారు రాత్రి అరచెంచా గోరువెచ్చని నీటితో తీసుకొనవచ్చును. గర్భం ఉన్నవారు, విరేచనాలవుతున్నవారు తీసుకొనరాదు.

ముఖరోమాలకు నలుగుపిండి రుద్దితే చర్మం శుభ్రపడుతుంది గాని వెంట్రుక వేరు పోదు. దారంతో తీయించుకొన్నా, లేజర్ చేయించుకొన్నా తప్పు లేదు. లోపలికి ఏ మందు వాడినా ముఖంమీద తేడా కనబడడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. నెలలోనే మందు మార్చే తొందర కూడదు.

ఇక అశోకచెక్క విషయం. "గర్భాశయానికి మంచిది" అని విని చాలామంది దీనిని కషాయం కాస్తారు. అశోకం ప్రధానంగా అధిక రక్తస్రావాన్ని ఆపే ద్రవ్యం. నెలసరి రానివారు దానిని సొంతంగా వాడడం అర్థం లేని పని. పైగా వీధుల వెంట నిటారుగా పెంచే నరమామిడి చెట్టును అశోకమని పిలవడం పరిపాటి అయింది. దాని చెక్కనే అశోకచెక్కగా అమ్మడమూ ఉన్నది. కాంచనార గుగ్గులు, రజఃప్రవర్తినీ వటి వంటి ఔషధాలు, వమన, వస్తి కర్మలు వైద్యుని పర్యవేక్షణలోనే జరగవలెను. పేరు, తయారీదారు, తేదీ లేని పొట్లాల పొడులను ఎంత గొప్పగా చెప్పినా వాడకండి. అటువంటి పొడులలో స్టెరాయిడ్లు, సీసం వంటివి బయటపడిన సందర్భాలున్నాయి.

స్త్రీల వైద్యనిపుణులు మెట్‌ఫార్మిన్‌గాని, హార్మోను మాత్రలుగాని, సంతానం కోరేవారికి లెట్రజోల్‌గాని ఇస్తారు. వాటికీ మన పథ్యానికీ వైరం లేదు. మా వద్దకు వచ్చామని ఆ మందులను చెప్పకుండా మానివేయవద్దు. రెండు వైద్యాలూ జరుగుతున్నపుడు ఇద్దరు వైద్యులకూ రెండు చీటీలూ చూపవలెను.

నిజంగా భయపడవలసినవి

మూడు నెలలు, అనగా 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. "రాకపోతే మంచిదేలే, పరీక్షల సమయం" అని ఏడెనిమిది నెలలు ఊరుకున్న కుటుంబాలను చూచాను. ఆ కాలమంతా లోపలి పొర మందమవుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇట్లా సాగితే గర్భాశయపు లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. సకాలంలో మందుతో ఆ పొరను రాల్చివేస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

రక్తంలో చక్కెర, రక్తపోటు, కొవ్వు పరీక్షలు చేయించవలెను. ఉదయం పరగడుపు పరీక్ష ఒక్కటే చాలక, గ్లూకోజు త్రాగించి రెండు గంటలకు చేసే పరీక్షలో దోషం బయటపడేవారు ఉంటారు. గర్భం ధరించినపుడు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ కనుక తొలినాళ్ళలోనే పరీక్ష అవసరం. గంటకొక గుడ్డ తడిసే స్రావం, కొద్ది నెలలలోనే గొంతు బొంగురుపోయి రోమాలు వేగంగా పెరగడం - ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. వ్యాధి ఉన్నది కదా, గర్భం రాదులే అనుకొనడం కూడా పొరపాటే. వద్దనుకొనేవారు తగిన జాగ్రత్త తీసుకొనవలసిందే.

మరొకటి మనస్సు. ఈ వ్యాధిలో దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి. "ఇంకా లావయ్యావే", "మీసాలేమిటే" అని బంధువులు పదిమందిలో అనే మాటలు పథ్యాన్ని నిలబెట్టవు. పిల్లను గదిలోకి నెట్టి తలుపు వేయిస్తాయి. పిల్ల నవ్వడం, నలుగురిలోకి రావడం మానివేస్తే, నిద్రాహారాలు తప్పితే, నెలసరికి మందు ఇచ్చినంత శ్రద్ధగా దానికీ వైద్యం చేయించవలెను.

ఇంటివారికి నా మనవి

పథ్యం పిల్ల ఒక్కదానికే పెట్టవద్దు. ఆమెకు ఉలవచారు, అన్నగారికి బిర్యానీ అంటే ఆ నియమం వారం నిలవదు. ఇంటిల్లిపాదికీ అదే కంచం ఉండాలి. అందువలన తండ్రి మధుమేహానికీ మేలే. నా వద్దకు వచ్చేవారిలో మార్పు నిలిచిన ఇళ్ళన్నీ తల్లీకూతుళ్ళు కలిసి నడిచిన ఇళ్ళే.

పెళ్ళివారికి చెప్పాలా అని అడిగేవారికి నా సమాధానం: చెప్పండి. ఇది దాచవలసిన కళంకం కాదు, థైరాయిడ్ వలె, మధుమేహం వలె అదుపులో ఉంచుకొనవలసిన స్థితి. దాచిపెట్టి చేసిన పెళ్ళిలో ఆ పిల్ల మాత్రలను చాటుగా మ్రింగవలసి వస్తుంది, కొన్నాళ్ళకు మానివేస్తుంది. ఆ మానివేయడమే ఆమెకు అసలు కీడు. విషయం తెలిసి కూడా ముందుకు వచ్చిన కుటుంబంలో ఆమె నియమం నిలుస్తుంది.

ఈ నెలనుండే గోడమీది క్యాలెండరులో నెలసరి మొదలైన తేదీకి సున్న చుట్టి, ఎన్ని రోజులు ఉన్నదో ప్రక్కన వ్రాయండి. నెలకొకసారి బరువు, నడుము చుట్టుకొలత వ్రాయండి. ఆరు నెలల తరువాత వైద్యుని వద్దకు వెళ్ళేటపుడు ఆ కాగితం తీసుకొని వెళ్ళండి. స్కానింగు కాగితం కన్నా అది వైద్యునికి ఎక్కువ చెబుతుంది.